డెన్మార్క్ గడిలో నా రెండక్షరాలు

మీ కంప్యూటర్లలో యూరప్ అంటే ఒక గడి. దాన్ని నొక్కితే రంగు మారుతుంది, అంకె మారుతుంది, మీరు కాఫీకి లేస్తారు. మొన్న మా స్నేహితుల అమ్మాయి ఒకతె తన ఆఫీసు పని చూపిస్తూ, "ఆంటీ, దీని గురించి యూరప్ ఇలా థింక్ చేస్తోంది" అంది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ముప్పై ఏళ్లకు పైగా అదే పని చేశాను. యూరప్ కొనడం చూశాను, అమ్మడం చూశాను, కలిసికట్టుగా బేరమాడడం చూశాను. ఆలోచించడం మాత్రం ఎవరింట్లో వాళ్లే ఆలోచించుకునేవారు. ఈ మాట అన్నందుకు ఒకసారి ఉద్యోగం మీదికి తెచ్చుకున్నాను. అందులో సగం నాదే రైటు. మిగతా సగం ఎంత తప్పంటే, ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. రెండూ చెప్తాను, వినండి.

అది 1982. మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నేను గుంటూరులో ఎకనామిక్స్ ఎం.ఏ. చదివి వచ్చినదాన్ని. మా ఆయన అప్పటికి ఇంకా పీహెచ్‌డీ చేస్తూనే ఉన్నారు. అది ఎప్పటికి పూర్తవుతుందని అడగడం మా ఇంట్లో మర్యాద కాదు. ఆయనా, నేనూ, మూడేళ్ల మా పాపా ఈ దేశంలో నిలబడి ఉన్నది నా ఉద్యోగం మీద. రోజూ పొద్దున్నే చీర మీద కోటు వేసుకుని, రైలెక్కి న్యూయార్క్ వెళ్లేదాన్ని.

మాది పదకొండు మంది ఉన్న చిన్న కంపెనీ. ఏ సరుకు ఏ దేశం రేవులో దిగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అని వ్యాపారులకు వారం వారం చెప్పడం మా పని. ప్రతి సోమవారం మధ్యాహ్నం ఒక పట్టిక పంపేవాళ్లం. ఒక్కో దేశానికి ఒక్కో వరస. వరసలో మూడు గడులు: తెరిచి ఉంది, మూసి ఉంది, తెలియదు. ఆ గీతలు స్కేలు పెట్టి గీసేదాన్ని నేనే. యూరప్ దేశాలు నా వాటా.

మా బాస్ ఒకప్పుడు నౌకాదళంలో పని చేసినవాడు. ఓడలో కాపలా మారేటప్పుడు పుస్తకంలో పేరు రాసి వెళ్లే పద్ధతిని ఆఫీసులోకి తెచ్చాడు. ప్రతి వరస చివర, దాన్ని చూసినవాళ్లు తమ పేరులోని రెండక్షరాలు ఇంకుతో వేయాలి. అవి లేని పట్టికను, తీగల మీద కబుర్లు టైపు చేసే టెలెక్స్ గదిలోని ఆవిడ పంపదు. ఆవిడ తాతలు ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు. అరవై దాటిన మనిషి, రూలంటే రూలే. ఒకసారి బాస్ స్వయంగా తెచ్చిన కాగితాన్ని కూడా అక్షరాలు లేవని తిప్పి కొట్టింది.

ఆ ఏప్రిల్‌లో ఫాక్‌లండ్ దీవుల కోసం అర్జెంటీనాకూ బ్రిటన్‌కూ యుద్ధం మొదలైంది. యూరోపియన్ కమ్యూనిటీలో అప్పుడు పది దేశాలు. వాళ్లకు ఉమ్మడి సైన్యం లేదు, ఉమ్మడి విదేశాంగ మంత్రి లేడు. ఉన్నదల్లా పది దేశాల చుట్టూ ఒకే కస్టమ్స్ గోడ. బ్రిటన్ అడగ్గానే ఆ గోడకున్న తలుపు మూసేశారు, అర్జెంటీనా సరుకు ఏదీ లోపలికి రాకుండా. నెల రోజుల గడువు పెట్టుకుని అయినా సరే, పది దేశాలూ కలిసి ఒక యుద్ధం విషయంలో ఒకే పని చేశాయి. వ్యాపారం కోసం కట్టుకున్న గోడ కోటగోడ అయిపోయిందని మా ఆఫీసంతా ఆశ్చర్యపోయింది.

బాస్ ఆనందానికైతే పట్టపగ్గాల్లేవు. నెల గడువు తీరే ముందు, అంటే మే నెల మధ్యలో ఒక శుక్రవారం, నన్ను తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద నా పట్టిక ఉంది. నా పది వరసల మీదా తెల్ల రంగు పూసేసి, వాటి స్థానంలో ఒకే ఒక్క లావుపాటి వరస గీశాడు. అందులో "యూరప్ - మూసి ఉంది" అని రాసి ఉంది.

"టైపింగ్ ఎంత తగ్గిందో చూడు. వాళ్లు ఒక్కటైపోయారు. ఇనిషియల్ చేసి పంపు" అన్నాడు.

"ఒక్కటైంది నెల రోజులకు. సోమవారంతో గడువు తీరుతుంది" అన్నాను.

"అదే రోజు మంత్రులు లక్సెంబర్గ్‌లో కూర్చుని పొడిగిస్తారు. ప్రపంచం ముందు అలా నిలబడ్డాక పరువు ఎవడు తీసుకుంటాడు?"

"ఇటలీ తీసుకుంటుంది."

"ఎందుకని?"

"అర్జెంటీనాలో వాళ్ల చుట్టాలున్నారు."

ఆయన నవ్వాడు. ఎం.ఏ. చదివినదాన్ని, చెప్పాల్సిన కారణం అదా అన్నట్టు చూశాడు. ఆ కారణం నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా ఎడిసన్ సరుకుల జట్టు చెప్పింది. దాని గురించి కాస్త చెప్పాలి.

మేం ఎనిమిది తెలుగు ఇళ్లవాళ్లం నెలకోసారి కలిసి సరుకులు కొనేవాళ్లం. బియ్యం బస్తాలు, కందిపప్పు, చింతపండు, ఇంగువ, అన్నీ న్యూయార్క్‌లో ఒక కొట్లో. నెలకొక ఇంటివాళ్లు కారులో వెళ్లి అందరికీ తెచ్చేవారు. గుంటూరు వాళ్లు, వరంగల్ వాళ్లు, కడప వాళ్లు, చర్చికి వెళ్లేవాళ్లు, వ్రతాలు చేసుకునేవాళ్లు అందరం ఉన్నాం. పప్పు పంపకంలో ఏనాడూ తగాదా రాలేదు. అంత సవ్యంగా నడిచిన వ్యవస్థను నేను తర్వాత ఏ ఆఫీసులోనూ చూడలేదు.

ఆ ముందు చలికాలంలో ఒకావిడ అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. కోడలితో పాటు ఆ కొట్టుకు వెళ్లి, అలవాటు కొద్దీ బెండకాయ చివర్లు విరిచి చూశారట. కొట్టువాడు ఆవిడ చేతిలోంచి బెండకాయ లాక్కుని, "కొనేవాళ్లయితే కొనండి, లేకపోతే నడవండి" అన్నాడట. మా అందరికీ రోషం వచ్చింది. ఆ కొట్టు గడప తొక్కకూడదని ఒక కాగితం రాసి, సంతకాలు చేశాం. సరుకులకు ఇంకో కొట్టు చూసుకున్నాం.

మొదటి నెల అద్భుతంగా గడిచింది. రెండో నెల ఒక ఇంటివాళ్లు చడీచప్పుడు లేకుండా పాత కొట్టుకే వెళ్లారు. అడిగితే, "అందులో మా మేనమామ కొడుక్కి షేర్ ఉందండీ, ఇంట్లో గొడవైపోతోంది" అన్నారు. ఆ వెనకే ఇంకో ఇంటివాళ్లు వెళ్లారు. వాళ్లకు కొట్టువాడి మీద ప్రేమేమీ లేదు. అవమానం జరిగిన ఇంటివాళ్లతో పాత కక్ష ఉంది. ఎప్పుడో ఉగాది భోజనాల దగ్గర పులిహోర గురించి ఏదో మాటన్నారట. "వాళ్ల పరువు కోసం మేమెందుకు ఇంకో కొట్టుకు పరిగెత్తాలి?" అని మొహం మీదే అడిగారు.

ఇదంతా జరిగాక కూడా పప్పు పంపకం ఆగలేదు. అది గమనించాలి మీరు. కందిపప్పు విషయంలో ఎనిమిది ఇళ్లూ ఒక్కటే. పరువు విషయంలో ఎవరి ఇల్లు వాళ్లదే. ఇటలీ నుంచి అర్జెంటీనాకు వలస వెళ్లిన కుటుంబాలు లెక్కలేనన్ని. ఐర్లండ్‌కు లండన్‌తో ఉన్న కక్ష వయసెంతో మా టెలెక్స్ ఆవిడను అడిగితే సాయంత్రం దాకా చెప్పేది. మేనమామ కొడుకూ, పులిహోరా రెండూ నా పట్టికలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. అలాంటప్పుడు ఒకే వరస గీయమంటే ఎలా గీస్తాను?

"నేను ఇనిషియల్ చేయను" అన్నాను బాస్‌తో.

ఆయన నవ్వడం మానేశాడు. సొరుగు లాగి ఒక కాగితం తీసి పట్టిక పక్కన పెట్టాడు. నా గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ తరఫున ఆయన సంతకం చేయాల్సిన దరఖాస్తు అది. రెండు నెలలుగా ఆయన సొరుగులోనే ఉంది.

"దీని మీద నా సంతకం నీకు కావాలి. దాని మీద నీ ఇనిషియల్ నాకు కావాలి. సోమవారం పొద్దున్న మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆ రోజు గంట ముందే ఇంటికి రైలెక్కాను. భయంతో అనుకునేరు, కోపంతో. సరే, కొంత భయంతో కూడా.

ఇందులో ఇంకో మనిషి కూడా చిక్కుకుని ఉన్నాడు. నెవార్క్‌లో ఒక ముసలి తోళ్ల వ్యాపారి ఉండేవాడు. అర్జెంటీనాలో పచ్చితోళ్లు కొని ఇటలీలో చెప్పులు చేసేవాళ్లకు అమ్మేవాడు. నిషేధానికి ముందు కుదిరిన బేరాలకు మినహాయింపు ఉంది. ఈయన మాత్రం నెలలో అంతా సర్దుకుంటుందని ధైర్యం చేసి, తర్వాత బేరం కుదుర్చుకున్నాడు. ఉప్పు పట్టించిన తోళ్లు ఓడలో ఉన్నాయి. సోమవారం సాయంత్రానికల్లా ఆ ఓడ ఇటలీ రేవు జెనోవాకు వెళ్లాలో, అప్పటికింకా కమ్యూనిటీలో చేరని స్పెయిన్‌కు వెళ్లాలో చెప్పాలి. స్పెయిన్ అంటే అయినకాడికి అమ్ముకోవడం. "నువ్వు ఏ గడిలో టిక్ పెడితే నేను ఆ రేవుకు పంపుతాను" అని ఫోన్లో చెప్పాడు. ఇంత నమ్మకం ఎందుకు పెట్టుకుంటారో మనుషులు!

ఆదివారం వంటింట్లో మా ఆయనతో అన్నాను, "ఏవండీ, ఇనిషియల్ పెట్టేసి ఊరుకోనా? గ్రీన్ కార్డ్ సంగతి కదా."

ఆయన ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు. "నన్నడుగుతావేంటి? ఏ కాగితం మీదా సంతకం పెట్టని మొండివాణ్ణని మీ జట్టంతా నన్ను తిట్టింది కదా" అన్నారు. తర్వాత, "నువ్వు చూసింది ఒకటి, రాసేది ఇంకొకటి అయితే మాత్రం పెట్టకు. వీసా పోతే ఇద్దరం కలిసి ఉద్యోగాలు వెతుక్కుందాం, గుంటూర్లో" అన్నారు.

ఆయన్ని పెళ్లి చేసుకున్నందుకు ఆ ఒక్క పూట పూర్తిగా సంతోషించాను.

సోమవారం పొద్దున్న ఆఫీసుకు వెళ్లగానే కొత్త కాగితం మీద పది వరసలూ మళ్లీ గీశాను. ఏడింటికి "మూసి ఉంది". ఇటలీ, ఐర్లండ్ "తెరిచి ఉంది". అంతవరకూ నాకు దడ లేదు. అప్పుడే టెలెక్స్ మీద ఒక వార్త వచ్చింది. నిషేధాన్ని కమ్యూనిటీ పేరుతో పొడిగించడానికి డెన్మార్క్ అభ్యంతరం చెబుతోందని. నాకు ఒళ్లు తెలియలేదు. ఇద్దరు అనుకుంటే ముగ్గురు! డెన్మార్క్‌కూ "తెరిచి ఉంది" గడిలో టిక్ పెట్టేశాను.

టెలెక్స్ ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "మా ఐర్లండ్ సంగతి నేనే గ్యారంటీ ఇస్తాను. డెన్మార్క్‌కు మాత్రం 'తెలియదు' అని పెట్టు, హనీ. అభ్యంతరం అన్నారు గానీ తెరుస్తామని ఎవరన్నారు?"

"అభ్యంతరమంటే అర్థం అదే కదా" అన్నాను. చెప్పానుగా, ఒళ్లు తెలియలేదు.

పదకొండున్నరకు బాస్ వచ్చాడు, తన ఒంటి వరస పట్టికతో. "ఇనిషియల్?"

"నా పది వరసల మీద పెట్టాను. మీ వరస మీద పెట్టను."

"ఈ కంపెనీ నాది."

"అవును. రూలు కూడా మీదే. చూసినవాళ్లే అక్షరాలు వేయాలి. మీరు చూసి ఉంటే మీరే వేయండి" అని నా పెన్ను ఆయనకు అందించాను.

ఆయన పెన్ను తీసుకున్నాడు. తన పట్టిక మీదికి వంగాడు. "యూరప్ - మూసి ఉంది" పక్కన రెండక్షరాలు, అంతే కదా వేయాల్సింది! వేయలేదు. పెన్ను నా బల్ల మీద పడేసి, "తప్పయిందంటే నువ్వు పెట్టె సర్దుకోవచ్చు" అని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. టెలెక్స్ ఆవిడ నా కాగితం తీసుకుని టైపు చేయడం మొదలుపెట్టింది.

మంగళవారం పొద్దున్నకు సంగతి తెలిసింది. నిషేధం పొడిగించారు, అదీ వారం రోజులకు. ఇటలీ, ఐర్లండ్ మేం లేమని తప్పుకున్నాయి. ఆఫీసులో ఎవరో చప్పట్లు కొట్టారు. తోళ్ల వ్యాపారి ఫోన్ చేసి ఆనందంతో ఏడ్చినంత పని చేశాడు. మిత్రదేశాల మాట కాదనడం ఆ రెండు దేశాలకు మాత్రం తేలికేం కాదు, కానీ కాదన్నాయి. నేను బాస్ గది ముందు నుంచి అవసరం లేకపోయినా రెండుసార్లు నడిచాను.

మధ్యాహ్నానికి డెన్మార్క్ సంగతి వచ్చింది.

డెన్మార్క్ కూడా ఉమ్మడి నిషేధంలోంచి తప్పుకుంది. తప్పుకుని, తన సొంత చట్టంతో అదే నిషేధాన్ని తన రేవుల్లో పెట్టుకుంది. మా గుమ్మం ఎప్పుడు మూయాలో కమ్యూనిటీ చెప్పకూడదు, మూసేది మాత్రం మేమే మూస్తాం అన్నమాట! నా పట్టికలో మాత్రం "తెరిచి ఉంది", పక్కన నీలం ఇంకుతో నా రెండక్షరాలు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే మా సరుకుల జట్టులో దారి తప్పినవి రెండు ఇళ్లు కాదు, మూడు. మూడో ఇల్లు మాదే. ఆ బెండకాయ కాగితం మీద సంతకం పెట్టనని భీష్మించింది మా ఆయనే. "నా సరుకులు ఎక్కడ కొనాలో మీరు తీర్మానం చేసేదేంటి?" అని అందరి ముందూ అన్నారు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ఆ కొట్టు మొహం చూడలేదు. సంతకం పెట్టినవాళ్లే రెండో నెలకు మెత్తబడి ఒక్కొక్కరే వెళ్లడం మొదలుపెట్టినా, ఆయన వెళ్లలేదు. ఎనిమిది ఇళ్లలో మేనమామ కొడుకును చూశాను, పులిహోరను చూశాను. ఆదివారం నా ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరిగిన డెన్మార్క్‌ను మాత్రం చూడలేదు. కలిసి రానంత మాత్రాన ఎదురు తిరిగినట్టు కాదని నాకు నా ఇంట్లోనే తెలియాల్సింది.

దాని ఫలితం ఒక మనిషి మీద పడింది. బాల్టిమోర్‌లో పశువుల మేత అమ్మే ఒకాయన, అర్జెంటీనా నుంచి తెప్పిస్తున్న పిండి ఓడను స్పెయిన్‌లో దింపాలనుకున్నవాడు, నా టిక్ చూసి డెన్మార్క్‌కు మళ్లించాడు. ఆ రేవులో పిండి గోడౌన్లో పడి ఉండిపోయింది. నిషేధం తీసేసేసరికి నెల దాటింది. అడుగు బస్తాలకు బూజు పట్టింది.

ఆయన ఫోన్లో అరిచిన రోజు బాస్ నన్ను పిలిచాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది. ఫైల్లోని పట్టిక తీసి ముందు పెట్టుకున్నాడు, పక్కన తెల్ల రంగు సీసా. ఆ పక్కన నా గ్రీన్ కార్డ్ కాగితం.

"ఇటలీ నువ్వు కరెక్ట్‌గా చెప్పావు, ఒప్పుకుంటాను. డెన్మార్క్ గడి ఒక్కటీ తుడిచి 'తెలియదు' అని రాద్దాం. అతనికి టెలెక్స్ తప్పుగా వెళ్లిందని చెబుదాం. టైపు పొరపాట్లు అందరికీ జరుగుతాయి. తర్వాత ఇది సైన్ చేస్తాను."

టైపు పొరపాటంటే టెలెక్స్ ఆవిడ పొరపాటు. నన్ను ముందే హెచ్చరించిన మనిషి ఆవిడే.

"తుడవద్దు. ఇటలీ నాదైతే డెన్మార్క్ కూడా నాదే" అన్నాను.

"మంచి అవకాశం పోగొట్టుకుంటున్నావు."

"పోనివ్వండి."

ఆయన కాగితం మళ్లీ సొరుగులో పెట్టేశాడు. నేను నా బల్ల దగ్గరికి వెళ్లి బాల్టిమోర్ ఆయనకు ఫోన్ చేశాను. తప్పు నాది, టెలెక్స్‌ది కాదు, ఎవరి మాటా వినకుండా పెట్టాను అని చెప్పాను. ఆయన తిట్టాడు. నేను విన్నాను. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "ఈసారి డెన్మార్క్ గురించి అడగండి, సరిగ్గా చెప్తాను" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. అలా అనడానికి నాకెంత పొగరో అని మీరు అనుకోవచ్చు. ఉంది మరి. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన తల దించుకోవాలని ఎవరు చెప్పారు?

ఆ ఏడాదంతా కాగితం సొరుగులోనే ఉంది. ఆ ఏడాదంతా నేను సోమవారం సోమవారం పది వరసలు గీశాను. బాస్ మళ్లీ ఒకే వరస సంగతి ఎత్తలేదు. ఉద్యోగంలోంచి తీసేయలేదు, పలకరించనూ లేదు. కొంతకాలానికి బాల్టిమోర్ ఆయన మళ్లీ మా పట్టిక తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఏ వరస ఎవరు చూశారో అడిగి మరీ.

మరుసటి వసంతంలో ఒక సోమవారం, పట్టిక కోసం తీసిన తెల్ల కాగితాల మధ్య నా గ్రీన్ కార్డ్ దరఖాస్తు కనిపించింది. అడుగున బాస్ సంతకం. దాని పక్కన, ఎవరూ అడగకపోయినా, ఆయన రెండక్షరాలు ఇంకుతో. నేను ఆ గది వైపు చూశాను. తలుపు తెరిచే ఉంది, ఆయన పేపరు చదువుకుంటున్నాడు. తలెత్తలేదు. ఆ కాగితాన్ని టెలెక్స్ ఆవిడకు చూపిస్తే, అక్షరాలు ఉన్నాయో లేదో సరిచూసి, "పంపొచ్చు" అంది.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ దరఖాస్తు కాగితాల కట్ట మా ఆయన ముందు పెట్టాను. కుటుంబమంతటి కాగితాలు కాబట్టి ఆయన కూడా ఒకచోట సంతకం పెట్టాలి. డెన్మార్క్ కథ ఆయనకు అప్పటికే వందసార్లు చెప్పి ఉన్నాను. ప్రతిసారీ ముసిముసిగా నవ్వేవారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ప్రతి ముక్కా చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

పెన్ను అడిగి తీసుకుని, నా పేరు కింద సంతకం పెట్టారు.

"పెట్టాను సరే. ఆ కొట్టుకు మాత్రం రాను" అన్నారు.